నడుముకు చిన్న రివాల్వర్... కొనేముందు కొన్ని సంగతులు

కోడుమూరు: ఫ్యాక్షన్ పల్లెల్లో ఒకప్పుడు భుజాన వేలాడే తుపాకీయే పెద్దరికానికి గుర్తు. ఇప్పుడు ఆయుధ లైసెన్సు కోరేవారి చూపు చొక్కా కింద ఇమిడిపోయే చిన్న రివాల్వర్‌పై పడింది. ఏది కొనాలి, ఎంత బరువుండాలి, ఎలా ధరించాలి అన్న విషయాలపై రచ్చబండల వద్ద వినిపించే మాటల్లో సగం అపోహలే.

కనిపించకుండా ధరించడం మన దేశంలో యజమాని ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీని ఒంటికి తగిలించిన ఒరలోనో, సంచిలోనో పూర్తిగా కప్పి ఉంచాలి. అది ఎల్లవేళలా యజమాని అదుపులో ఉండాలి. పంచాయితీకి వచ్చి చొక్కా అంచు కాస్త పైకి జరిపి కూర్చునే పెద్దమనుషులు ఈ సంగతి గమనించాలి. సంచిని కారులో వదిలి టీ తాగడానికి దిగినా అదుపు తప్పినట్లే.

ఏ బోరు?

పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం, .38 తూటాలు పేల్చగల చేతి తుపాకులకు సామాన్యులకు అనుమతి దొరకదు. అందువల్ల ఎంపిక దాదాపుగా .32 బోరు వద్దనే ఆగుతుంది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014లో విడుదల చేసిన 'నిర్భీక్' ఈ బోరుదే. మహిళలను ఉద్దేశించి టైటానియం మిశ్రమ లోహంతో చేసిన దాని బరువు సుమారు అర కిలో. అప్పట్లోనే ధర లక్షా ఇరవై వేల రూపాయలు దాటింది. ఏ మహిళల కోసమని ప్రకటించారో, వారిలో ఎందరు కొనగలరన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ తరువాత వచ్చిన .22 బోరు 'నిడర్' పావుకిలో మాత్రమే. 2023 ఆగస్టులో విడుదలైన 'ప్రబల్' బరువు 700 గ్రాములు. అది 50 మీటర్ల వరకు పనిచేస్తుందని తయారీదారుల ప్రకటన. అయితే నాలుగడుగుల దూరం నుంచి జరిగే దాడిలో 50 మీటర్లతో పనేమిటి?

తేలికైనదే మంచిదన్నది మరో భ్రమ. ఒకే తూటాను తేలిక రివాల్వర్‌లో పేల్చితే చేతికి తగిలే ఎదురుదెబ్బ ఎక్కువ. రెండవ తూటాకు గురి కుదరడం కష్టం. గొట్టం పొట్టిదైన కొద్దీ గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం తగ్గుతుంది. చేతిలో వెంట్రుకవాసి వణుకు గమ్యం వద్ద జానెడు తేడాగా మారుతుంది. దాచడానికి ఎంత సులువో, కాల్చడానికి అంత కష్టం. డబ్బు చెల్లించే ముందు దుకాణంలో ఖాళీ రివాల్వర్‌ను చేతబట్టి, సుత్తిని వెనక్కు లాగకుండా ఒంటి వేలితో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కగలుగుతున్నారో లేదో చూసుకోవాలి. వయసు మీరినవారు చాలామంది ఇక్కడే తడబడతారు.

పాత నమూనాలు నడుమ విరిచినట్లు తెరుచుకుని ఖాళీ తొడుగులన్నిటినీ ఒక్కసారిగా బయటకు నెడతాయి. 'ప్రబల్'లో తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. రెంటిలో ఏదైనా సరే, చీకటిలో తడుముకోకుండా తెరవగలగాలి.

ఒర విషయంలో పిసినారితనం పనికిరాదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి తోలు ఒర, బరువుకు సాగని బెల్టు తప్పనిసరి. పంచె కట్టేవారికి అసలు చిక్కు ఇదే. బెల్టు లేని నడుమున రివాల్వర్ నిలవదు. జేబులో వేసుకుంటే తాళాలు, చిల్లర మధ్య ట్రిగ్గర్ నలుగుతుంది. మన ఎండల్లో చెమట పట్టి ఇనుము త్వరగా తుప్పెక్కుతుంది. నల్లరేగడి దుమ్ము చక్రంలో చేరుతుంది. వారానికొకసారి తూటాలు తీసి నూనెగుడ్డతో తుడవాలి.

అవసరానికి ఎక్కడుంటుంది?

ఎంత మంచి రివాల్వర్ కొన్నా ఆపద వేళ అది నడుమున ఉంటుందన్న నమ్మకం లేదు. పత్తికొండ నియోజకవర్గ వైఎస్సార్ కాంగ్రెస్ ఇన్‌ఛార్జి చెరుకులపాడు నారాయణరెడ్డిని 2017 మే 21న కృష్ణగిరి మండలంలో దారికాచి హతమార్చారు. పెళ్లికి వెళ్లి కారులో తిరిగి వస్తుండగా జరిగిన ఆ దాడిలో ఆయన అనుచరుడు కూడా మరణించారు. లైసెన్సు పునరుద్ధరణ కోసం అప్పగించిన ఆయుధం ఆనాడు ఆయన వద్ద లేదని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఎన్నికలలోనూ ఇదే పరిస్థితి. షెడ్యూలు వెలువడగానే లైసెన్సు ఆయుధాలను పోలీసుల వద్ద జమ చేయాలి. మినహాయింపు కావాలంటే పరిశీలన కమిటీకి కారణం చూపాలి. కక్షలు రగిలే రోజుల్లోనే ఒర ఖాళీగా ఉంటుందన్నమాట. రివాల్వర్‌ను నమ్మి రాకపోకల వేళలు, దారులు మార్చుకోవడం మానేసినవారు దీనిని మరువరాదు.

దరఖాస్తు ఇలా

చేతి తుపాకీకి లైసెన్సు ఇచ్చేది జిల్లా కలెక్టర్. దరఖాస్తుపై పోలీసు విచారణ జరుగుతుంది. ప్రాణహాని ఎవరి నుంచి, ఎందుకు ఉందో చూపగలగాలి. ఆయుధ వినియోగంలో శిక్షణ కూడా పొందాలి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి వద్ద ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే శిక్ష రెండేళ్లకు తగ్గదు. లైసెన్సులో పేరు లేని కొడుకు చేతికో, డ్రైవరు చేతికో రివాల్వర్ ఇవ్వడమూ నేరమే.

పునరుద్ధరణకు గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు చేయాలి. దాఖలు చేసినట్లు రసీదు తీసుకుని భద్రపరచుకోవాలి.