ఇల్లు అమ్మదలచినవారు ముందుగా వేసికొనవలసిన లెక్క

పిల్లల చదువుల కొరకో, ఉద్యోగం కొరకో తిరుపతి చేరి, పల్లెలోని మిద్దెను అమ్మదలచే రైతు కుటుంబాలు మన ప్రాంతంలో కలవు. పాత ఇంటి ధరనంతా నమ్ముకొని పట్నంలో మరొక ఇంటికి బయానా ఇచ్చినవారు, తీరా సొమ్ము చాలక వడ్డీకి తేవలసి వచ్చును. బేరం కుదిరిన ధర వేరు, చేతికి మిగిలే సొమ్ము వేరు. కాబట్టి ధర చెప్పకముందే ఖర్చుల పట్టీ వ్రాసికొనవలెను.

ఏ ఖర్చు ఎవరిది?

ఆంధ్రప్రదేశ్‌లో క్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి నూటికి 7.50 రూపాయలు. వేరే ఒప్పందం లేనిచో, 1899 నాటి స్టాంపుల చట్టం ప్రకారం స్టాంపు ఖర్చు కొనువారిదే. అమ్మిన నాటివరకు చేరిన ఇంటిపన్ను చెల్లించుట, ఇంటిపైగల తాకట్టు అప్పు తీర్చుట మాత్రం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అమ్మువారి బాధ్యత.

ఒక ఉదాహరణ

చంద్రగిరి వైపు ఒక ఇల్లు 20 లక్షల రూపాయలకు బేరమైనదనుకొందాం. ఈ అంకెలు నమూనాకు మాత్రమే.

బ్యాంకు అప్పు, వడ్డీతో: 3,00,000
మధ్యవర్తికి, నూటికి ఒకటి చొప్పున: 20,000
మరమ్మతులు, సున్నం: 15,000
ఇంటిపన్ను, కరెంటు బాకీలు: 5,000
ఈసీ, నకళ్లు, రాకపోకలు: 5,000
సామాను తరలింపు: 10,000
తిరుపతిలో అద్దె, అడ్వాన్సు: 45,000

మొత్తం 4,00,000 రూపాయలు. మిగులు 16 లక్షలే.

ఆదాయపు పన్ను

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక ఇంటి అమ్మకానికీ లేదనుకొనరాదు. రెండేండ్లకు పైగా ఉంచుకొని అమ్మిన ఇంటి లాభంపై 2024 జూలై 23 నుండి పన్ను నూటికి 12.50 రూపాయలు. ఆ తేదీకి ముందే సంపాదించిన ఇంటికైతే, ధరల పెరుగుదలను మినహాయించి మిగిలిన లాభంపై నూటికి 20 చొప్పున కూడ లెక్క కట్టి, తక్కువైన పన్నును చెల్లించవచ్చును. ఆ లాభంతో రెండేండ్లలో మరొక ఇల్లు కొన్నను, మూడేండ్లలో కట్టించుకొన్నను మినహాయింపు కలదు. అందుచేత ఖర్చు రశీదులన్నియు భద్రపరచవలెను.

వాటాలు, బయానా

పిత్రార్జితమైన ఇల్లయినచో, మిగులు సొమ్ము ఒక్కరిది కాదు. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారం, పెండ్లియైన కుమార్తెకు కూడ కుమారునితో సమానమైన హక్కు కలదు. అక్కచెల్లెండ్రతో ముందే మాట్లాడి, వారి వాటాలను పట్టీలో వ్రాయుడు. పై ఉదాహరణలో నలుగురు సమాన వాటాదారులున్నచో, ఒక్కొక్కరికి వచ్చునది 4 లక్షలు మాత్రమే.

బయానాను 20,000 రూపాయలుగాని, అంతకు మించిగాని నగదుగా పుచ్చుకొనరాదు. పుచ్చుకొన్నంత సొమ్మూ జరిమానా పడవచ్చును. బ్యాంకు ద్వారానే తీసికొనవలెను. రిజిస్ట్రేషను ముగియువరకు దానిని ఇతర ఖర్చులకు తీయకుండుట క్షేమం.

గ్రామ అధికారులు ఇంటిపన్ను బకాయి వివరాన్ని సకాలంలో వ్రాతపూర్వకంగా ఇచ్చినచో, ఉభయులకు తగవు తప్పును. పట్టీ పూర్తియైన పిమ్మట మిగులు మీ అవసరానికి చాలునా అని చూచుకొనుడు. చాలనిచో, బయానా పుచ్చుకొనకముందే ఆగుట మేలు.