బోదె గట్టున రాత్రి కెమెరా

అంబాజీపేట, కొత్తపేట వైపు కొబ్బరి తోటల్లో రాత్రిపూట ఎవరు తిరుగుతారో రైతు ఆనవాళ్లను బట్టే పోల్చుకుంటాడు. ఎలుక కొరికి రాల్చిన కాయలు, బోదె గట్టు బురదలో పంజా గుర్తులు, తెల్లారేసరికి తగ్గిన కోడిపిల్లలు. ఆ తిరిగేవాటిని కంటికి చూపించే పనిముట్టు ట్రాప్ కెమెరా. చెట్టుకు కట్టి వచ్చేస్తే చాలు, ఎదుట జంతువు కదిలినప్పుడు తేదీ, సమయంతో సహా తనంతట తానే ఫొటో తీస్తుంది.

ఇందులో కీలకం పరారుణ సెన్సర్. దానిలో పక్కపక్కనే రెండు భాగాలుంటాయి. రెండిటికీ ఒకే వేడి తగులుతున్నంతసేపూ కెమెరా పనిచేయదు. ముంగిస అడ్డంగా పరిగెత్తిందంటే ముందు ఒక భాగంలో, వెంటనే రెండోదానిలో వేడి మారుతుంది. ఆ తేడాతోనే షట్టర్ పడుతుంది. అందుకే జంతువు కెమెరాకు ఎదురు వచ్చేలా కాక, దాని ముందు అడ్డంగా దాటేలా కట్టాలి. పాము, కప్ప ఒంటి వేడి చుట్టుపక్కల వేడితో దాదాపు సమానం కాబట్టి అవి ఎక్కువగా ఫొటోకు చిక్కవు.

మే నెల ఎండల్లో మన దగ్గర ఇంకో చిక్కు. నేల, గాలి కూడా జంతువు ఒంటిలాగే కాగి ఉంటాయి గనుక పగలు ఎదుట నడిచిన పిల్లిని కూడా సెన్సర్ గుర్తించకపోవచ్చు. ఎండకు వేడెక్కిన అరటాకు గాలికి ఊగితే మాత్రం ఖాళీ ఫొటోలతో కార్డు నిండిపోతుంది. మోకాలి ఎత్తున, ముందున్న గడ్డి కోసి, సూర్యుడు సూటిగా పడకుండా ఉత్తరం వైపు తిప్పి కడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇలాంటి కెమెరాలు ఎంత చెప్పగలవో మన గోదావరి ముఖద్వారంలోనే తేలింది. కోరంగి అభయారణ్యంలో 2018లో జరిపిన ట్రాప్ కెమెరాల సర్వేలో చేపలు పట్టి తినే బావురు పిల్లులు (ఫిషింగ్ క్యాట్) 115 లెక్కతేలాయి. మడ అడవి బురదలో, పొద్దుగూకాక తిరిగే జంతువును మనిషి నడిచి లెక్కపెట్టడం అయ్యే పని కాదు. ఫొటో ఉంటే అవుతుంది, ఎందుకంటే ఏ రెండు పిల్లుల ఒంటి మచ్చలూ ఒకేలా ఉండవు. ఒకే పిల్లికి కూడా కుడి పక్క మచ్చలు వేరు, ఎడమ పక్కవి వేరు. కాబట్టి దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు కట్టి రెండు పక్కలూ తీయడం పరిశోధకుల పద్ధతి. మడ చెట్లు కోరంగితో ఆగిపోలేదు, గౌతమికి ఇవతల ఐ.పోలవరం, కాట్రేనికోన వైపూ ఉన్నాయి. చేపల చెరువుల గట్ల మీద కెమెరా పెట్టి చూడదగ్గ చోట్లు ఇవే.

డ్రోన్ సంగతి వేరు. పెళ్లి వీడియోలకు, మందు పిచికారీకి అది ఊళ్లోకి వచ్చేసింది కనుక కొంగల గూళ్ల మీదకూ ఎగరేద్దామనిపిస్తుంది. కానీ జంతువు కదలకుండా ఉందంటే భయపడలేదని కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగులకు గుండె కొలిచే పరికరాలు అమర్చి పైన డ్రోన్ ఎగరేశారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో, చాలా ఎలుగులు ఉన్నచోటే ఉన్నా వాటి గుండె వేగం పెరిగిందని తేలింది. 2021లో కాలిఫోర్నియాలోని బోల్సా చికా దగ్గర గూళ్ల మధ్య ఒక డ్రోన్ కూలితే వేల సముద్రపు రేవు పిట్టలు లేచిపోయి, 1,500కు పైగా గుడ్లు పొదిగే దిక్కులేక పాడైపోయాయి. అడవి మీద ఎత్తు నుంచి గూళ్లు లెక్కపెట్టడానికి నిపుణుల చేతిలో డ్రోన్ పనికొస్తుంది. పెరటి జీవాలకు మాత్రం అది వద్దనే నా మాట. వెంటపడే కెమెరా కన్నా కాచుకునే కెమెరాయే నిజం చెబుతుంది.

మీ తోటలో కెమెరా కడితే అది పొరుగువారి ఇంటి వైపు చూడకుండా జాగ్రత్తపడండి. మచ్చలున్న పిల్లి కనబడితే చిరుత పిల్ల అనుకుని కర్రలు పట్టుకోవద్దు. బావురు పిల్లి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లోని జంతువు. ఫొటోను ఊరి పేరుతో వాట్సాప్‌లో తిప్పకుండా అటవీ శాఖ వారికి అందజేయండి.