హత్యకు కారణం నీళ్లు!

అపరాధ పరిశోధక నవల అనగానే మనకు నగలపెట్టె, వీలునామా, చీకటి మేడ గుర్తుకు వస్తాయి. కాని పావలో బాచిగాలూపి అనే అమెరికన్ రచయిత 2015లో వెలువరించిన 'ది వాటర్ నైఫ్' నవలలో ప్రాణాలు తీసేది నీళ్ల కోసం.

కథ జరిగేది రాబోయే రోజులలో, ఆరిజోనా ఎడారిలోని ఫీనిక్సు నగరంలో. ఊరంతా దుమ్ము. డబ్బున్నవారు మాత్రం లోపలే చెట్లూ నీటి ధారలూ గల మహాభవనాలలో చల్లగా కాపురముంటారు. బయట బీదలు పంపు దగ్గర కాచుకుని ఉంటారు. అక్కడ నీటి ధర నిలకడగా ఉండదు.

ఆ ఊళ్లో నీటి హక్కుల వ్యవహారాలు చూసే న్యాయవాది ఒకరు దారుణంగా హత్య అవుతాడు. అతని కంటబడిన పాత పత్రం ఏమయింది? లూసీ అనే విలేఖరి ఆరా తీస్తుంది. లాస్ వేగాస్ నుంచి ఏంజెల్ దిగుతాడు. ఎదుటి ఊళ్లకు నీరు తెగ్గొట్టడమే అతని కొలువు. 'నీటి కత్తి' అంటే అతనే. టెక్సస్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన మరియా అనే పిల్ల వీరి మధ్య చిక్కుకుంటుంది.

కాగితానికి అంత విలువేమిటంటారా? ఇది కల్పన కాదు. అమెరికా పడమటి రాష్ట్రాలలో నది నీటిని ముందుగా వాడుకున్నవాడిదే ముందు హక్కు. కరువు వస్తే వెనక వచ్చినవాడి కాలువే ముందు మూతపడుతుంది. కనుక పాత తేదీ గల పత్రం ఇసుకను ఇళ్లస్థలాలు చేస్తుంది. అది చేజారితే ఇళ్లు మళ్లీ ఇసుకే!

1922లో 7 రాష్ట్రాల మధ్య కొలరాడో నది ఒప్పందం కుదిరింది. ఎగువకూ దిగువకూ ఏటా చెరి 75 లక్షల ఎకరా-అడుగులు. ఎకరం నేలలో అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు. కాని ఆ లెక్క కట్టింది వానలు బాగా కురిసిన సంవత్సరాలు చూసి! తర్వాత నదిలో సగటున అంత నీరు రాలేదు. ఇంకొక మాట. తెల్లవారు రాకముందే ఆ ఎడారిలో కాలువలు తవ్వి సేద్యం చేసిన జాతులకు ఆ పంపకంలో చోటే దక్కలేదు. మరి అందరికన్నా ముందు వచ్చినవారెవరు?

నవలలో హింస మోతాదు మించింది; పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. పెద్దలు మాత్రం మొదలుపెడితే విడవలేరు. హంతకులెవరో తెలిసి పుస్తకం మూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: నదిలో లేని నీటిని కాగితం మీద పంచిపెట్టడం ఏ నేరం కిందికి వస్తుంది?