సీసా మూత తీసే ముందే జెల్ దగ్గరుండాలి

హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌ను గాజు సీసాలో పోయకూడదు. పోస్తే ఆ గాజునే తినేస్తుంది. మిగతా ఆసిడ్లన్నీ గాజు సీసాల్లో వరసగా ఉంటే, ఇదొక్కటి పాలిథిలీన్ సీసాలోనో టెఫ్లాన్ సీసాలోనో, ప్లాస్టిక్ ట్రేలో, కింది అరలో విడిగా ఉంటుంది. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. గాఢమైనదైతే మూత తీయగానే ఘాటైన పొగ లేస్తుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే వాయువు నీళ్లలో కరిగితే వచ్చే ద్రావణమిది. ల్యాబులకు ఎక్కువగా 40 శాతం, 48 శాతం గాఢతల్లో వస్తుంది. నీరు ఏమాత్రం లేని శుద్ధ రూపం 19.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది కాబట్టి, మన వేడికి దాన్ని సిలిండర్లలో బిగించి ఉంచాల్సిందే.

ఇంత ప్రమాదకరమైనదాన్ని వాడటం ఎందుకంటే, దీని పనిని ఇంత బాగా చేసేది మరొకటి లేదు. గాజులో, ఇసుకలో, రాతిలో ఉండే సిలికాను కరిగించడంలో దీనికి సాటి లేదు. ఒక రాయిలో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టాలంటే ముందు ఆ రాతిపొడిని ద్రావణంగా మార్చాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల రాళ్ల విశ్లేషణకు ఈ ఆసిడ్ కావాలి. పాత శిలల్లో చిక్కుకున్న పుప్పొడి రేణువులను బయటికి తీసేవారికీ, సిలికాన్ చిప్‌ల మీద పలుచని ఆక్సైడ్ పొరను తొలిచేవారికీ, గాజు మీద నగిషీలు చెక్కేవారికీ ఇదే ఆధారం.

ఫ్లోరైట్ ఖనిజం మీద సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1771లో దీన్ని పరిశీలించాడు. ఇందులో దాగిన ఫ్లోరిన్‌ను విడదీయాలని ఆ తర్వాత వందేళ్లకు పైగా ప్రయత్నాలు సాగాయి. ఆ క్రమంలో హంఫ్రీ డేవీ అస్వస్థుడయ్యాడు. ఐర్లండ్‌లో నాక్స్ సోదరులు విషప్రభావంతో మంచం పట్టారు. బెల్జియంలో లూయే, ఫ్రాన్స్‌లో నికిలెస్ ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886లో హెన్రీ మొయ్‌సాన్ ప్లాటినం పరికరంలో ఆ పని సాధించాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రసాయన శాస్త్రం లెక్కలో ఇది బలహీనమైన ఆసిడ్. చాలామందిని మోసం చేసేది ఈ సంగతే. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ నీళ్లలో పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది. అందువల్ల అది చర్మం పైపొరను కాల్చి, చాలామటుకు అక్కడే ఆగిపోతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ అణువుల్లో ఎక్కువ భాగం విడిపోకుండా అలాగే ఉంటుంది. విద్యుదావేశం లేని ఆ చిన్న అణువు చర్మంలోంచి, కొవ్వు పొరలోంచి సులువుగా జారి లోపలి కండ దాకా, ఎముక దాకా వెళుతుంది. అక్కడ విడిపోయి ఫ్లోరైడ్ అయాన్‌ను వదులుతుంది. ఆ ఫ్లోరైడ్ కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టుకుని కరగని లవణాలుగా మార్చేస్తుంది. కణాల్లోంచి పొటాషియం బయటికి వచ్చి నరాలను రెచ్చగొడుతుంది. పైకి గాయం చిన్నగా కనిపిస్తున్నా నొప్పి భరించరానంతగా ఉండటానికి ఒక కారణం అదే. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఈ ఆసిడ్ చర్మం మీద పడి చనిపోయినవారిలో చాలామందిని బలిగొన్నది పైకి కనిపించే కాలిన గాయం కాదు, లోపల జరిగిన ఈ కాల్షియం కొల్లగొట్టుడే. గాఢమైన ఆసిడ్ అరచేయంత మేర పడినా శరీరమంతటికీ విషప్రభావం ఉంటుందనుకునే వైద్యం మొదలుపెట్టాలి.

ఫ్లోరైడ్‌కూ కాల్షియానికీ ఉన్న ఈ బంధం తెలుగువారికి కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన వెన్నులు, గారపట్టిన పళ్లు దాని తర్వాతి కథ. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి అందుకే. బోరునీటితో ఏళ్లతరబడి కొద్దికొద్దిగా ఎముకల్లోకి చేరే ఫ్లోరైడ్, ఈ ఆసిడ్‌తో కొన్ని గంటల్లోనే దండిగా ఒంట్లోకి దిగుతుంది. జబ్బు తీరు వేరు, అయాన్ ఒకటే.

గాఢతను బట్టి నొప్పి మొదలయ్యే సమయం మారుతుంది. 50 శాతం దాటినదైతే వెంటనే మండుతుంది. 20 నుంచి 50 శాతం మధ్య ఉన్నది ఒకటి నుంచి ఎనిమిది గంటల లోపు తెలుస్తుంది. 20 శాతం కన్నా పలుచనైతే ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. మధ్యాహ్నం ల్యాబులో వేలి మీద పడిన చుక్కను నీళ్లేమో అనుకుని తుడిచేసుకున్న మనిషికి అర్ధరాత్రి గోటికింద పోటు మొదలవుతుంది. అప్పటికి ఫ్లోరైడ్ ఎముక దగ్గరికి చేరిపోయి ఉంటుంది. అందుకే నొప్పి లేదు కదా అని ఊరుకోవడం ఈ ఆసిడ్ విషయంలో పనికిరాదు. పడిందన్న అనుమానం చాలు, చికిత్స మొదలుపెట్టాలి.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన ఒక ప్రమాదాన్ని భద్రతా శిక్షణల్లో తరచూ ప్రస్తావిస్తారు. రాళ్లలోని పుప్పొడిని వేరుచేసే చిన్న ల్యాబులో 37 ఏళ్ల టెక్నీషియన్ ఒంటరిగా కూర్చుని పనిచేస్తున్నాడు. 70 శాతం ఆసిడ్ కాస్త ఆయన తొడల మీద ఒలికింది. ఒలికింది 100 మిల్లీలీటర్లకు పైగా, ఎక్కువలో ఎక్కువ 230 మిల్లీలీటర్లని అంచనా. ఆయన చేతులకు గ్లవ్స్ ఉన్నాయి. ఒడిని కాపాడే ఏప్రన్ లేదు. ఎమర్జెన్సీ షవర్ లేదు, సన్నగా నీళ్లొచ్చే గొట్టం మాత్రం ఉంది. దానితో కడుక్కుని, ఆవరణలోని ఈతకొలనులోకి దిగాడు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఆ ల్యాబులో లేదు. కాలిన మేర శరీరంలో పదో వంతు కూడా లేదు. ఆసుపత్రిలో ఒక కాలు తీసేసినా 15వ రోజున ఆయన చనిపోయాడు. అక్కడ లేని వస్తువుల్లో ఖరీదైనది ఒక్కటీ లేదన్నది గమనించాలి.

కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఈ గాయానికి తొలి విరుగుడు. చర్మం మీద రాస్తే అందులోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మార్చేస్తుంది. వాడాల్సిన గాఢత 2.5 శాతం. రెడీమేడ్ ట్యూబు దొరకకపోతే, ఆసుపత్రుల్లో మామూలుగా ఉండే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ 25 మిల్లీలీటర్లను, నీటిలో కరిగే లూబ్రికెంట్ జెల్లీ 75 మిల్లీలీటర్లలో కలిపితే అదే గాఢత వస్తుంది. ఆసిడ్ కొనే ఇండెంట్‌లోనే జెల్‌నూ చేర్చడం మంచి పద్ధతి. దాని గడువు తేదీని అప్పుడప్పుడు చూస్తుండాలి. బీరువాలో పెట్టి తాళం వేసిన జెల్ ఉన్నా లేనట్టే.

ఒంటి మీద ఏం ఉండాలన్నది పడే చోటును బట్టి ఆలోచించాలి. రోజువారీ పనికి వాడే పలుచని నైట్రైల్ గ్లవ్స్ దీన్ని ఎక్కువసేపు ఆపలేవు. వాటిపైన మోచేతి దాకా వచ్చే మందపాటి నియోప్రీన్ లేదా బ్యుటైల్ రబ్బరు గ్లవ్స్ వేసుకుని, సూదిమొనంత రంధ్రమైనా ఉందేమో ముందే గాలి ఊది చూసుకోవాలి. కళ్లకు గాగుల్స్, వాటిమీద ముఖమంతా కప్పే షీల్డ్, మెడనుంచి మోకాళ్ల కింది దాకా రబ్బరు లేదా పీవీసీ ఏప్రన్, వేళ్లు కనిపించని బూట్లు కావాలి. చెప్పులతో ల్యాబుకు వచ్చే అలవాటు ఇక్కడ కుదరదు.

పనంతా ఫ్యూమ్ హుడ్ లోపలే జరగాలి. గాలిలో దీని ఆవిరి 30 పీపీఎం ఉన్నా చాలు, ప్రాణాపాయమని లెక్క. ఎనిమిది గంటల పనికి అమెరికా నియమాలు విధించిన పరిమితి 3 పీపీఎం. బీకర్లు, కొలజాడీలు, పిపెట్లు, కదిపే కడ్డీలు అన్నీ ప్లాస్టిక్‌వే ఉండాలి. పలుచన చేసేటప్పుడు నీటిలోకి ఆసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. పెద్ద సీసాలోంచి రోజుకు కావలసినంతే చిన్న సీసాలోకి తీసుకుంటే, ఒలికినా ఒలికేది కొంచెమే. ఒంటరిగా, ఆఫీసు వేళలు దాటాక, సెలవు రోజున ఈ పని పెట్టుకోకూడదు. పక్కనున్న మనిషికి జెల్ ఎక్కడుందో, షవర్ ఎక్కడుందో తెలిసి ఉండాలి.

బెంచీ మీద ఒలికిపోతే చాలా ల్యాబుల్లో చేయి వెంటనే ఇసుక బకెట్ మీదికి పోతుంది. ఈ ఆసిడ్‌కు ఇసుక తగదు. ఇసుకలోని సిలికాతో కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. సున్నం గానీ, కాల్షియం కార్బొనేట్ పొడి గానీ చల్లితే ఆసిడ్ చల్లారుతుంది, ఫ్లోరైడ్ కూడా కాల్షియంతో బిగిసిపోతుంది. వంటసోడా ఆసిడ్‌ను తటస్థం చేస్తుంది కానీ ఫ్లోరైడ్ ద్రావణంలోనే మిగిలిపోతుంది. ఒలికింది ఎక్కువైతే గదిలోంచి అందరినీ బయటికి పంపి, తగిన రక్షణ ఉన్నవారే లోపలికి వెళ్లాలి. దక్షిణ కొరియాలోని గూమీ పట్టణంలో 2012 సెప్టెంబర్ 27న ట్యాంకర్ నుంచి దింపుతుండగా సుమారు 8 టన్నుల హైడ్రోజన్ ఫ్లోరైడ్ బయటికి వచ్చి ఐదుగురు చనిపోయారు. చుట్టుపక్కల పంటలు మాడిపోయాయి, వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు.

ఒంటిమీద పడితే మొదట నీళ్లు, తర్వాత జెల్. షవర్ కింద నిలబడి బట్టలు, బూట్లు, వాచీ, ఉంగరాలు అన్నీ తీసేయాలి. గాగుల్స్‌ను తల, ముఖం కడిగాకే తీయాలి. జెల్ చేతికందేలా ఉంటే 5 నిమిషాలు కడిగితే చాలు, ఆ తర్వాత ఆలస్యం చేయకుండా జెల్ రాయడం మొదలుపెట్టాలి. జెల్ లేకపోతే సాయం వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. రాసేవారు గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే ఆ ఆసిడ్ వాళ్లకూ అంటుకుంటుంది. వేళ్ల మీద పడితే ఒక గ్లవ్‌లో జెల్ నింపి దాన్ని చేతికి తొడగడం తేలికైన ఉపాయం. నొప్పి తగ్గేదాకా రుద్దుతూ, పది పదిహేను నిమిషాలకోసారి కొత్త జెల్ రాస్తుండాలి. నొప్పి తగ్గిందంటే మందు పనిచేస్తోందన్నమాట. కాబట్టి ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఈ గుర్తు పోతుంది. కంట్లో పడితే 15 నిమిషాల పాటు నీళ్లతో కడగాలి. కంటికి ఈ జెల్ వాడకూడదు.

నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఈ గాయాన్ని ఎప్పుడూ చూడని డాక్టర్లే ఎక్కువ. మామూలు ఆసిడ్ గాయం అనుకుని ఆయింట్‌మెంట్ రాసి పంపేయడానికి ఆస్కారం ఉంది. అందుకే వెంట వెళ్లేవారు సీసా లేబుల్ ఫోటో, భద్రతా పత్రం, మిగిలిన జెల్ తీసుకెళ్లి, పడింది హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ అనీ, ఎంత శాతమనీ, ఎన్ని గంటలకు పడిందనీ మొదటి మాటగా చెప్పాలి. ఈసీజీ తీస్తూ, రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చూస్తూ, అవసరమైతే గాయం చుట్టూ చర్మం కింద, సిరలోకి, కొన్నిసార్లు ధమనిలోకి కూడా డాక్టర్లు కాల్షియం ఎక్కిస్తారు. పొగ పీల్చినవారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు. అప్పటికి కులాసాగా ఉన్నా ఒక రోజైనా ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచడం మంచిది.

ల్యాబు గడప దాటితే ఈ ఆసిడ్ వేరే పేర్లతో తిరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ షాపుల్లో అతుకు దగ్గర నలుపు పోగొట్టడానికి బ్రష్‌తో రాసే పిక్లింగ్ పేస్ట్‌లో నైట్రిక్ ఆసిడ్‌తో పాటు ఇదే ఉంటుంది. కొన్ని తుప్పు మరకల క్లీనర్లలోనూ ఉంటుంది. ప్రమాదం తక్కువన్న భ్రమ కలిగించే అమోనియం బైఫ్లోరైడ్ పొడి కూడా నీళ్లు తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌నే పుట్టిస్తుంది. ల్యాబులో కనీసం లేబుల్ చదివే మనిషి ఉంటాడు. షెడ్డులో ఉత్త చేతులతో పేస్ట్ రాసే కుర్రాడికి ఆ అవకాశం కూడా తక్కువ. నిజానికి ఈ జాగ్రత్తల అవసరం అతనికే ఎక్కువ.

వాడగా మిగిలిన ద్రావణాన్ని గాజు వ్యర్థాల సీసాలో పోయకూడదు, సింకులో ఒంపకూడదు. ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా పట్టి, దేనితో కలిసిందో, ఎంత శాతమో రాసి అంటించాలి. నైట్రిక్ ఆసిడ్ కలిసి ఉంటే లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి గాలి పోయే మూత పెట్టాలి. ల్యాబులోనే శుద్ధి చేసే అనుమతి, ఏర్పాటు ఉంటే ఫ్యూమ్ హుడ్‌లో సున్నపు తేటలోకి నెమ్మదిగా పోసి ఫ్లోరైడ్‌ను తెల్లని మడ్డిగా దింపుతారు. పాత పాలిథిలీన్ సీసాలు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పగులుతాయి గనుక, స్టాకు తనిఖీలో సీసా కొన్న సంవత్సరాన్నీ చూడాలి. రాతిపొడిని కరిగించడానికి లిథియం మెటాబొరేట్‌తో కొలిమిలో కరిగించే పద్ధతి చాలినచోట ఈ ఆసిడ్‌ను తెప్పించాల్సిన పనే ఉండదు.