వెలిసిన తోలు సంచికి ఇంటిలోనే రంగు

మంచి తోలు హ్యాండ్‌బ్యాగు చిరిగేదాకా ఎవరి చేతిలోనూ ఉండదు. అంతకు చాలా ముందే వెలిసిపోతుంది. కుట్లు గట్టిగానే ఉంటాయి, జిప్పు సజావుగానే నడుస్తుంది, లోపలి అస్తరు కూడా నిలిచే ఉంటుంది. కాని నాలుగు మూలలూ తెల్లబడతాయి, చేతిపిడి జిడ్డుగా నల్లబడుతుంది, కిటికీ వైపు వేలాడిన పక్క ఒక రంగు, గోడ వైపు ఉన్న పక్క మరొక రంగు అవుతుంది. ఇక నలుగురిలోకి పట్టుకెళ్ళడానికి మనసొప్పదు. అటకెక్కిస్తాం. దాని స్థానంలో కొన్న రెక్సిను సంచి రెండు వానాకాలాలు గడవకముందే పొట్టు రాలుస్తుంది.

“మా అమ్మ టీచరుగా చేసిన రోజుల్లో కొన్నది సార్, తోలు దివ్యంగా ఉంది, రంగే పోయింది. ఇంటర్వ్యూకి పట్టుకెళ్దామనుకుంటున్నాను, ఏమన్నా చేయొచ్చా?” అని ఆఖరి సంవత్సరం విద్యార్థిని ఒకామె ఈమధ్య అడిగింది. చేయవచ్చును. వందల రూపాయల్లో, రెండు మూడు రోజుల ఓపికలో అయ్యే పని అది. అయితే తోలు మీద రంగు ఎక్కడ నిలుస్తుందో, ఎందుకు పోతుందో తెలిసి చేయాలి. తెలియక చేస్తే అమ్మ సంచి అమ్మ సంచిలాగా మిగలదు.

పచ్చి చర్మం కుళ్ళుతుంది, తోలు కుళ్ళదు. ఈ మార్పు తెచ్చే ప్రక్రియనే తోలు ఊనడం అంటారు. చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను టానిన్లు పట్టి బిగిస్తాయి. మన పల్లెల్లో ఈ పని తంగేడు చెక్కతో, కరక్కాయతో, తుమ్మ బెరడుతో జరిగేది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ తంగేడే! లందలో రోజుల తరబడి తోలును నానబెట్టి, ఆరెతో రంపెతో దానికి ఒక రూపం ఇచ్చినవారు మాదిగలు. చేసిన చేతులను ఊరి చివర ఉంచి, చేసిన వస్తువును కాలికి తొడుక్కున్న ఘనత మనది. రసాయనశాస్త్రం చదివే మనకు ఆ లంద మొదటి ప్రయోగశాల కావలసింది, కాలేదు.

పందొమ్మిదవ శతాబ్దం చివర క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతి వచ్చింది. నెలలు పట్టే పని రోజుల్లోకి దిగింది. ఇవాళ బజారులోని మెత్తటి హ్యాండ్‌బ్యాగుల్లో ఎక్కువభాగం ఈ క్రోము తోలువే. తోలు పరిశోధనకు మద్రాసులో 1948లో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. దానికి సుదీర్ఘకాలం డైరెక్టరుగా ఉండి ప్రపంచఖ్యాతి తెచ్చిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంవారు. 1985 జూన్‌లో కనిష్క విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. తోలు అనగానే ముక్కు మూసుకునే చదువుకున్నవారికి ఆయన జీవితం చదవమని చెప్పాలనిపిస్తుంది. అది వేరే వ్యాసం.

మన సంచి సంగతికి వద్దాం. రంగు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి తోలు పోగుల్లోకి ఇంకిన అద్దకపు రంగు. దీన్ని అనిలీన్ తోలు అంటారు. చర్మం మీది సహజమైన గీతలు, రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. శాంతినికేతన్ సంచులు ఈ జాతివే అనుకోవచ్చు; మేక తోలు, గొర్రె తోలు మీద అచ్చొత్తి చేత్తో రంగులద్దుతారు. రెండవది పైపూత రంగు. ఇందులో రంగుపొడిని ప్లాస్టిక్ వంటి బంధకంలో కలిపి తోలు మీద పొరగా వేస్తారు, దానిపైన మెరుపు పూత మరొకటి. ఆఫీసులకు పట్టుకెళ్ళే గట్టి సంచులు చాలావరకు ఈ రెండవ రకం. మొదటిది నూలుకు వేసిన అద్దకం లాంటిది, రెండవది తలుపుకు వేసిన పెయింటు లాంటిది. రెంటికీ వైద్యం వేరు.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక చుక్క నీరు చాలు. సంచి అడుగున, ఎవరికీ కనబడని చోట నీటిబొట్టు వేసి నిమిషం చూడండి. బొట్టు ఇంకి మచ్చ ముదురుగా కనబడితే అది అద్దకపు తోలు. ముత్యంలా నిలబడితే పైపూత. ఇక అసలు తోలేనా అనే అనుమానం ఉంటే, లోపల ఎక్కడైనా కోసిన అంచు బయటపడినచోట చూడండి. తోలు అంచు పీచుపీచుగా ఉంటుంది. క్రోము తోలైతే నీలిబూడిద ఛాయ కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. రెక్సిను అంచున గుడ్డ నేత కనిపిస్తుంది. (రెక్సిన్ అన్నది మొదట ఇంగ్లండులోని ఒక కంపెనీ వస్తువు పేరు, మనవాళ్ళు దాన్ని జాతివాచకం చేసేశారు, డాల్డా మాదిరిగా.) పొట్టు రాలే రెక్సినుకు రంగు వేసి ప్రయోజనం లేదు. కింది పొరే ఊడిపోతుంటే దానిమీద వేసినది దానితోపాటే ఊడుతుంది.

రంగు ఎందుకు పోతుంది? ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విరగగొడతాయి. రంగునిచ్చే బంధాలు తెగితే అణువు మిగులుతుంది గాని రంగు మిగలదు. గోధుమరంగులో ఎరుపు, పసుపు, నీలం కలిసి ఉంటాయి. ఇవి ఒకే వేగంతో పోవు. అందుకే వక్కరంగు సంచి కొన్నాళ్ళకు ఇటికరంగు తిరుగుతుంది, నల్లసంచి కాఫీపొడి రంగు చూపిస్తుంది. మూలలు పోవడానికి ఎండతో పనిలేదు: బస్సులో, బెంచీ మీద, స్కూటరు హుక్కుకు జరిగే రాపిడే కారణం. చేతిపిడికి మాత్రం చెమట, చేతి జిడ్డు, తలనూనె అన్నీ తగులుతాయి. అక్కడ రంగు పోవడమే కాక మురికి పట్టి ఉంటుంది కనుక, వెలిసిన భాగం నల్లగా కనిపించే విడ్డూరం చూస్తాం.

పనిలో సగం శుభ్రం చేయడమే. ఈ సగం ఎగ్గొట్టినవారి రంగు నెల తిరగకుండా పెచ్చులుగా లేస్తుంది. ముందు సంచి ఖాళీ చేసి, పొడిగుడ్డతో దుమ్ము దులిపి, గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల పసిపిల్లల షాంపూ వేసి, గుడ్డను గట్టిగా పిండి తుడవాలి. గుడ్డ తడిగా ఉండాలి గాని తోలు తడవకూడదు. తర్వాత సాదా నీటి గుడ్డతో ఇంకోసారి. నీడలో, గాలి తగిలేచోట పూర్తిగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే తోలు బిగిసి పగులుతుంది. పిడి మీద జిడ్డు మరకలుంటే ముఖానికి వేసుకునే పౌడరు దట్టంగా చల్లి రాత్రంతా వదిలి, పొద్దున్నే దులిపేయండి. ఒకసారికి పోకపోతే మళ్ళీ. ఇది నూనెను పీల్చే ఉపాయం, ఖర్చు లేనిది.

పైపూత తోలుకు ఇంకొక అడుగు ఉంది. పాత మెరుపు పూత మీద కొత్త రంగు పట్టదు. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్టులో అంతే నీరు కలిపి, దూదితో వెలిసిన భాగం మాత్రం తేలికగా తుడవాలి. దూదికి కాస్త రంగు అంటుతుంది, కంగారుపడనక్కరలేదు. మూలలు గరుకుగా లేచి ఉంటే వెయ్యి నంబరు ఎమరీ కాగితంతో నాలుగుసార్లు మెల్లగా రుద్ది తడిగుడ్డతో పొడి తీసేయండి. ఆ పొడి పీల్చడం మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాడవద్దు. అందులోని అసిటోను పైపూతను మొత్తంగా కరిగించి లాగేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? స్పిరిట్టు మండే పదార్థం. హాస్టలు గదిలో పక్కన కెటిలో, హీటరో ఆన్ చేసి ఈ పని పెట్టుకోకండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి. అద్దకపు తోలుకైతే స్పిరిట్టు జోలికి అసలే పోరాదు, ఉన్న రంగును కూడా తనతో తీసుకుపోతుంది.

ఇప్పుడు రంగు. అందరికీ మొదట తోచేది బూటుపాలిష్. చవక, ఇంట్లో ఉంటుంది, రుద్దగానే సంచి నిగనిగలాడుతుంది. కాని పాలిష్‌లో ఉండేది మైనం. అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. బూటు నేలమీద ఉంటుంది, సంచి ఒంటిని రాసుకుంటూ ఉంటుంది. మా బంధువుల అమ్మాయి నల్ల పాలిష్ రుద్దిన సంచి భుజాన వేసుకొని లేత గంధంరంగు చీరలో స్నాతకోత్సవానికి వెళ్ళింది. ఎండ మండిపోతున్నది. పట్టా పుచ్చుకొని ఫోటోకు నిలబడేసరికి నడుము పక్కన జానెడు నల్లచార! ఫోటోలో పట్టాను అడ్డం పెట్టుకొని నిలబడింది పాపం. తోలుకు సరిపడే రంగులు వేరే ఉన్నాయి. నీటిలో కలిసే ఆక్రిలిక్ తోలురంగులు ఆన్‌లైన్‌లో చిన్న సీసాల్లో దొరుకుతున్నాయి. ఏంజెలస్, ఫీబింగ్స్ వంటి అమెరికా కంపెనీలవీ వస్తున్నాయి. చిన్న సీసా ఒకటి ఒక సంచికి పలుమార్లు సరిపోతుంది. గుడ్డల మీద బొమ్మలు వేసే ఆక్రిలిక్ రంగులు మూలలకు ఫరవాలేదు గాని, మూత మడతపడే చోట త్వరగా పగుళ్ళిస్తాయని నా అభిప్రాయం. తోలురంగులోని బంధకం మెత్తగా ఉండి తోలుతోపాటు వంగుతుంది.

రంగు కలపడమే ఈ మొత్తంలో కష్టమూ, ఆనందమూ. పాత రంగు ఏదో తెలియాలంటే జేబు లోపలి అంచో, మూత కింది భాగమో చూడాలి. ఎండ తగలని చోట సంచి తన వయసు దాచుకుంటుంది. అక్కడి రంగుకు పూర్తిగా జత చేయాలా, వెలిసిన మిగతా భాగానికి జత చేయాలా అన్నది ముందే నిర్ణయించుకోండి. మూలలు మాత్రమే బాగుచేసేట్లయితే వెలిసిన రంగుకే జత చేయాలి. లేకపోతే నాలుగు మూలలూ అతుకుల్లా కనిపిస్తాయి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగును అగ్గిపుల్ల మొనతో కలపండి; నలుపు ఒక చుక్క ఎక్కువైతే దాన్ని వెనక్కి తేవడానికి సీసాలు ఖాళీ అవుతాయి. గోధుమరంగు మరీ ఎర్రగా అనిపిస్తే కొద్దిగా ఆకుపచ్చ, పచ్చదనం తిరిగితే కొద్దిగా ఎరుపు. తడిగా ఉన్నప్పుడు ఆక్రిలిక్ బంధకం పాలలా ఉంటుంది కాబట్టి రంగు లేతగా కనిపించి, ఆరాక ముదురుతుంది. అందుచేత ప్రతి మిశ్రమాన్నీ కనబడనిచోట కాస్త రాసి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద కవలల్లా కనిపించిన రెండు రంగులు ఎండలో ఎడమొహం పెడమొహంగా ఉండడం కద్దు. రెండు దీపాల కాంతిలో ఉండే రంగుల పాళ్ళు వేరు. ఒకేసారి కావలసినంత కలిపి పెట్టుకోండి, రెండవసారి అదే ఛాయ కుదరదు.

రాయడానికి కుంచె కంటే స్పాంజి ముక్క మేలు, చారలు పడవు. ముక్కను రంగులో ముంచి, పాతకాగితం మీద ఒత్తి ఎక్కువది తీసి, తోలు మీద అద్దాలి. మొదటి పూత చూస్తే నిరాశ కలుగుతుంది. కింది తెల్లదనం కనిపిస్తూనే ఉంటుంది. ఉండనివ్వండి. అరగంట ఆరనిచ్చి మరొకటి, మళ్ళీ ఒకటి. పలచటి పూతలు మూడు నాలుగు వేస్తే నిలుస్తుంది; ఒక్క దళసరి పూత వంగినప్పుడల్లా పగులుతుంది. అంచుల దగ్గర రంగును తేలికచేస్తూ పాతదానిలో కలిసిపోయేట్లు అద్దాలి. దారపు కుట్లకు, ఇత్తడి బకిల్సుకు ముందే కాగితపు టేపు అంటించుకుంటే తర్వాత పిన్నుతో గీకే బాధ తప్పుతుంది. ఆఖరున తోలుకు సరిపడే మెరుపు పూత, ఇంగ్లీషులో ఫినిషర్ అంటారు, పలచగా రెండుసార్లు. పాత సంచి మెరుపు లేనిదైతే మాట్ రకమే కొనండి. అమ్మ సంచి కొత్త కారులా మెరిస్తే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు. ఒకరోజు ముట్టుకోకండి, వారం దాకా వానలో తిప్పకండి. తర్వాత తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు ఏమీ అంటకపోతే చీరకూ అంటదు.

అద్దకపు తోలుకు ఈ పైపూత వేస్తే రంగు వస్తుంది గాని అందం పోతుంది, గీతలన్నీ కప్పబడిపోతాయి. దానికి రంగు కలిసిన తోలు క్రీము పలచగా రాసి, ఇంకనిచ్చి, మిగిలింది తుడిచి, అదీ తెల్లగుడ్డతో పరీక్షించుకోవడం మేలు. శాంతినికేతన్ సంచి వంటి పలురంగుల వాటిని నేనైతే అలాగే వదిలేస్తాను; వెలిసినా వాటికో హుందాతనం ఉంటుంది. స్వెడ్ తోలు, అద్దంలా మెరిసే పేటెంట్ తోలు, ఖరీదైన విదేశీ సంచులు ఇంటి వైద్యానికి లొంగవు. పిడి కుట్టు ఊడినా, తోలు పగిలి పీచు బయటపడినా ముందు వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు వెళ్ళండి. కుట్టు పడ్డాకే రంగు. ఏ రంగు నప్పుతుందో కూడా ఆయన్నే అడగండి, మన సీసాల కంటే ఆయన కన్ను పాతది.

కొబ్బరినూనె, ఆముదం రాస్తే తోలు మెత్తబడుతుందని పెద్దవాళ్ళు చెబుతారు. చెప్పులకు, చర్నాకోలకు అది నడిచింది. రంగు వేసిన సంచికి మాత్రం వద్దు. నూనె ముక్కిపోయి వాసన వేస్తుంది, దుమ్ము పడుతుంది, తర్వాత వేసే రంగు దేనినీ పట్టనివ్వదు. వానాకాలంలో బూజు రాకుండా సంచిని ప్లాస్టిక్ కవరులో కాక పాత నూలు దిండుగలీబులో పెట్టి, లోపల తెల్లగుడ్డలు కుక్కి, గాలి ఆడే చోట ఉంచండి. న్యూస్‌పేపర్లు కుక్కితే అచ్చుసిరా అస్తరుకు ఎక్కుతుంది.

మిగిలిన మిశ్రమాన్ని చిన్న గాజుసీసాలో పోసి, మూత బిగించి, ఏ సంచిదో పేరు రాసి పెట్టుకోండి. ఏడాదికో రెండేళ్ళకో మూలలు మళ్ళీ తెల్లబడతాయి. అప్పుడు స్పాంజి ముక్క, పావుగంట సమయం ఉంటే చాలు.