అండర్‌డార్క్‌లో నెలల తరబడి: 'అవుట్ ఆఫ్ ద అబిస్' మధ్యలో ఆగిపోకుండా నడపడం ఎలా?

ఈ ఎపిసోడ్ డీఎంల కోసం. ప్లేయర్లు ఉంటే ఇక్కడే ఆపేయండి, స్పాయిలర్లు ఉన్నాయి.

డీఎంలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, అవుట్ ఆఫ్ ద అబిస్ మొదలుపెట్టాం, నాలుగైదు సెషన్లు అదిరిపోయాయి. ఆ తర్వాత శనివారం వచ్చేసరికి ఒక్కొక్కడికి ఒక్కో పని. ఏం చేయాలి?" ఇది వాళ్ల బద్ధకం అనుకోకండి. భూగర్భంలో నడిచే కథకి కొన్ని సొంత రోగాలు ఉంటాయి. ఒక్కోటి చూద్దాం.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. ఇది డీ అండ్ డీ ఫిఫ్త్ ఎడిషన్‌కి 2015లో వచ్చిన పుస్తకం. లెవెల్ 1 నుంచి 15 దాకా వెళ్తుంది. ప్లేయర్లు డ్రో, అంటే భూగర్భ ఎల్ఫుల చెరలో ఖైదీలుగా మొదలవుతారు. చేతిలో కత్తి లేదు, జేబులో పైసా లేదు. తప్పించుకోవాలి, పైకి చేరాలి.

మొదటి రోగం, దూరం. భూమ్మీద పార్టీ మామూలు నడకతో రోజుకి 24 మైళ్లు వెళ్తుంది. ఈ పుస్తకంలో అండర్‌డార్క్‌లో 6 మైళ్లే. అంటే 60 మైళ్ల దారికి 10 రోజులు. ఆ 10 రోజులకీ రోజూ డైస్ వేసి ఎన్‌కౌంటర్లు ఆడించారనుకోండి, మూడు సెషన్లు గుహలోనే అయిపోతాయి, కథ అంగుళం కదలదు. నేనేం చేస్తానంటే, డైస్ ముందే ఇంట్లో వేసుకుని, అందులో మంచివి మూడు ఏరుకుంటాను. మిగతా రోజులు రెండు వాక్యాల్లో చెప్పేస్తాను. కానీ తిండి లెక్క మాత్రం 10 రోజులకీ కట్టాల్సిందే. ఎందుకంటే ఈ క్యాంపెయిన్‌కి ఇంజన్ అదే.

ఎలాగో చూడండి. మనిషికి రోజుకి ఒక పౌండ్ తిండి, ఒక గ్యాలన్ నీళ్లు. మీ ప్లేయర్లు 5 మంది, వాళ్లతో పాటు తప్పించుకునే ఎన్‌పీసీ ఖైదీలు 10 మంది. మొత్తం 15 నోళ్లు. తిండి లేకుండా ఓర్చుకోగలిగేది 3 రోజులు, దానికి కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ కలపండి. ఆ తర్వాత రోజుకో ఎగ్జాస్షన్ లెవెల్. ఆరోది వస్తే ప్రాణం పోయినట్టే.

"మా డ్రూయిడ్ దగ్గర గుడ్‌బెర్రీ ఉంది, తిండి గొడవే లేదు, ఆ స్పెల్ బ్యాన్ చేయాలా?" అని అడుగుతారు. వద్దు. లెక్క వేయండి. ఒక్కసారి వేస్తే 10 పళ్లు, పండుకి ఒకరికి ఒక రోజు. 15 మందికి 10 పళ్లు, ఐదుగురు పస్తు. ఎవరు? రెండోసారి వేస్తే అందరికీ సరిపోతుంది, కానీ లెవెల్ 1 డ్రూయిడ్‌కి ఉన్నవే రెండు స్లాట్లు. ఇక గాయాలు ఎవరు మాన్పుతారు? బ్యాన్ చేస్తే ఈ గొడవంతా పోతుంది. ఆ గొడవే మనకి కావాల్సిన డ్రామా.

దీనికి వెనకాల తరుముతున్న డ్రోలని కలపండి. వాళ్లు ఎంత దగ్గరకొచ్చారో చెప్పడానికి పుస్తకంలో పర్స్యూట్ లెవెల్ అని ఒక నంబర్ ఉంటుంది. దాన్ని దాచకండి. ఒక పెద్ద డైస్ మీద పెట్టి టేబుల్ మధ్యలో ఉంచండి. ఆన్‌లైన్ అయితే స్క్రీన్ మూలన పెట్టండి. వేగంగా నడిస్తే అది తగ్గుతుంది, కానీ దారిలో తిండి వెతుక్కోవడం కుదరదు. నెమ్మదిగా నడిస్తే కడుపు నిండుతుంది, శత్రువు దగ్గరవుతాడు. ప్లేయర్లు వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. మీరు టీ తాగుతూ వినొచ్చు.

రెండో రోగం, ఆ పది మంది ఎన్‌పీసీలు. అందరినీ మీరే ఆడిస్తే ఫైట్‌లో మీ టర్న్ అరగంట పడుతుంది. ఒక్కో ప్లేయర్‌కి ఇద్దరిని అప్పగించండి, ఫైట్‌లో వాళ్లే ఆడిస్తారు. మాటలు, రహస్యాలు మీ దగ్గర ఉంచుకోండి. ఒక్కొక్కరికి ఒక్క లక్షణం చాలు. జిమ్‌జార్ ప్రతి దానికీ పందెం కాస్తాడు. స్టూల్ ఒక చిన్న పుట్టగొడుగు, నోటితో కాకుండా స్పోర్స్‌తో మనసులోకి మాట్లాడుతుంది. ఇంతే, ప్లేయర్లు మర్చిపోరు.

మూడోది చీకటి. "మాకు డార్క్‌విజన్ ఉంది కదా" అంటారు. ఉంది, కానీ కటిక చీకట్లో వాళ్లకి మసకగా, నలుపు తెలుపుల్లోనే కనిపిస్తుంది. కంటితో చేసే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్, పాసివ్ స్కోర్‌లో 5 తగ్గుతుంది. టార్చ్ వెలిగిస్తే 20 అడుగులు స్పష్టంగా కనిపిస్తుంది, కానీ దూరం నుంచి మీరూ కనిపిస్తారు. ఇక వర్ణన కంటితోనే చేయకండి. బెలూం గుహల్లోకి దిగినవాళ్లకి తెలుసు, లోపల ఆ ఉక్క ఎలా ఉంటుందో. ఆ ఉక్క, నీటి చుక్క చప్పుడు, తడి రాయి వాసన చెప్పండి.

చివరిది, అన్నిటికన్నా పెద్దది. పుస్తకం సగంలో ప్లేయర్లు పైకి చేరుకుంటారు. సూర్యుడు కనిపిస్తాడు. తర్వాత గాంట్ల్‌గ్రిమ్‌లో రాజు బ్రూనార్ పిలిచి, మళ్లీ కిందికి వెళ్లమంటాడు. ఇన్ని నెలలు కష్టపడి బయటపడ్డవాడు ఎందుకు వెళ్తాడు చెప్పండి? రాజు అడిగితే వెళ్లడు. కింద వాడికి కావాల్సినవాళ్లు ఎవరైనా ఉండిపోతే వెళ్తాడు. అందుకే ఆ కారణాన్ని మొదటి సగంలోనే నాటాలి. స్లూబ్లుడాప్‌లో డెమోగోర్గాన్ లేచినప్పుడు అది ఫైట్ కాదు, పరుగు. ఆ భయం గుర్తుండాలి. వాళ్లు బాగా ఇష్టపడ్డ ఎన్‌పీసీ ఒకరు కిందే ఉండిపోవాలి.

అయినా మీ టేబుల్ అలిసిపోయిందా? సూర్యుడు కనిపించిన రోజే కథ ముగించండి. అదీ మంచి ముగింపే. ముగించడం వేరు, ఆగిపోవడం వేరు. ఆగిపోతే ఒక్కొక్కరూ గ్రూప్‌లో మెసేజ్‌కి జవాబు ఇవ్వడం మానేస్తారు, ఆట మాత్రమే కాదు, వారానికోసారి కలిసే అలవాటు కూడా పోతుంది. ముగిస్తే, ఆరు నెలల తర్వాత ఎవడో ఒకడు "మళ్లీ కిందికి వెళ్దామా?" అని అడుగుతాడు.

మొదలుపెట్టే ముందు ఒక పని తప్పకుండా చేయండి. ఈ కథలో బానిసత్వం ఉంది, మతి తప్పడం ఉంది. సెషన్ జీరోలో ఎవరికి ఏది ఇబ్బందో అడగండి.