బ్యాటరీలో ఎంత మిగిలినది?

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలోని జగ్గయ్యపేట పరిసరములందు సున్నపురాయి లభించుటచే సిమెంటు కర్మాగారములు వెలసినవి. లోడు కొరకు అచట నిలుచు లారీలలోను, నందిగామ మీదుగా హైదరాబాదు, విజయవాడల నడుమ తిరుగు లారీలలోను డ్రైవర్లు క్యాబినులోనే నిద్రించుట కలదు. ఇంజను ఆగిన ఆ రాత్రి ఫ్యాను, దీపము, సెల్‌ఫోను అన్నియు బ్యాటరీమీదనే నడచును. ఫ్యాను తిరుగుచున్నది గదా యని పడుకొన్నచో తెల్లవారి సెల్ఫు పనిచేయకపోవచ్చును. ఫ్యానుకు కొద్ది ఆంపియర్లు చాలును. పెద్ద ఇంజనును కదలించుటకు వందల ఆంపియర్లు కావలెను. కావున ఫ్యాను తిరుగుట నిండు బ్యాటరీకి గుర్తు కాదు.

మరి గుర్తేది? 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనుగొన్న సీసపు బ్యాటరీ లోపలనే జవాబున్నది. అందు ధనఫలకముపై లెడ్ డయాక్సైడు, ఋణఫలకముపై స్పాంజివంటి సీసము, నడుమ నీటితో పలుచబరచిన గంధకామ్లము ఉండును. విద్యుత్తును వాడుకొన్నకొలది ఫలకములు రెండును లెడ్ సల్ఫేటుగా మారును. ఆమ్లము ఖర్చయి నీరు పుట్టును. ఆమ్లము నీటికంటె బరువైనది గనుక ద్రవము తేలికపడును. ద్రవపు విశిష్ట గురుత్వమును కొలిచినచో మిగిలిన శక్తి తెలియును.

కొలుచు సాధనము హైడ్రోమీటరు. దాని రబ్బరు బుడ్డిని నొక్కి వదలినచో ద్రవము గొట్టములోనికి ఎక్కును. లోపలి గాజుతేలుడు బరువైన ద్రవములో పైకి, తేలికైన ద్రవములో క్రిందికి నిలుచును. సాధారణముగా 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 1.260 నుండి 1.280 వరకు నిండు ఛార్జి, 1.190 దరిదాపున సగము, 1.120 అయినచో దాదాపు ఖాళీ. ఆరు సెల్లులను విడివిడిగా చూడవలెను. ఒకటి తక్కినవానికంటె 0.050 తగ్గినచో ఆ సెల్లు చెడుచున్నదని అనుమానింపవలెను. డిస్టిల్డు వాటరు పోసిన వెంటనే కొలువరాదు. ఛార్జి చేసి, నీరు ఆమ్లముతో కలిసిన పిదపనే కొలువవలెను.

మెట్ట ఎండలలో మరియొక లెక్క కలదు. వేడికి ద్రవము వ్యాకోచించి తేలికగా కనబడును. అందుచే 27కు పైబడిన ప్రతి డిగ్రీకి 0.0007 కలుపవలెను. 42 డిగ్రీలవద్ద 1.220 కనబడినచో అసలు విలువ సుమారు 1.230.

మూతలు తీయ వీలులేని బ్యాటరీలకు వోల్టుమీటరు వాడవలెను. అయితే ఇంజను ఆపిన వెంటనే వోల్టులు ఎక్కువగా కనబడి మోసగించును. ఏ దీపమును వెలిగింపక కొన్ని గంటలు ఆగి చూచినచో 12.6 నుండి 12.7 నిండుదనమును, 12.2 సగమును తెలుపును. లారీలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపియుందురు, దేనికది కొలువవలెను. ఇంటి ఇన్వర్టరుకును, ట్రాక్టరుకును ఈ పద్ధతియే వర్తించును.

సగమునకు దిగిన బ్యాటరీని వెంటనే ఛార్జి చేయుట మేలు. ఖాళీగా రోజుల తరబడి వదలినచో లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొని ఫలకములు తిరిగి కోలుకొనవు. వేల రూపాయల వస్తువు వ్యర్థమగును.

మూతలు తీయునపుడు బీడీ, అగ్గిపుల్ల దరికి రానీయరాదు. ఛార్జి అగునపుడు వెలువడు హైడ్రోజను వాయువు ప్రేలగలదు. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను.